కోటిక్యూల్ మీదకి స్లర్రీ రాయి: ఏది కొనాలి, ఏది వద్దు

బెల్జియం పసుపు సానరాయి కోటిక్యూల్ కొనేవాళ్లు పెద్ద రాయి గురించి వారాల తరబడి ఆలోచిస్తారు. పొడవెంత, వెడల్పెంత, ఏ పొరది, నల్ల గీతలుంటే ఫర్వాలేదా అని కనపడినవాళ్లందర్నీ అడుగుతారు. దానితోపాటు తీసుకునే చిన్న ముక్క గురించి, అంటే పెద్ద రాయి మీద రుద్ది స్లర్రీ అనే రాతిపొడి నీళ్లు తీసే స్లర్రీ రాయి గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా ఉండదు. మంగలికత్తికి వచ్చే పదునులో సగం ఆ ముక్క వల్లే వస్తుంది. స్లర్రీ ఎలా ఉందో చూడకుండా, ఖరీదైన రాయి పనిచెయ్యట్లేదని అమ్మేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అందుకని ఈ రివ్యూ మొత్తం ఆ ముక్క గురించే రాస్తున్నాను.

నేనుండేది బెల్జియంలోని లూవెన్‌లో. కోటిక్యూల్ దొరికే ఆర్డెన్ కొండలకి ఇక్కడి నుంచి కారులో రెండు గంటలు కూడా పట్టదు. ఫొటో చూసి ఆర్డర్ పెట్టకుండా, రాళ్లని చేత్తో పట్టుకుని, తడిపి, రుద్ది చూసి ఎంచుకునే వీలు నాకుంది. నా పెద్ద రాయి ఒక్కటే, 200 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు, కాస్త గట్టి రకం. దాని మీద రెండు పసుపు ముక్కలు, ఒక బెల్జియం నీలం ముక్క, 1200 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ గింజ సన్నన) డైమండ్ ప్లేటు, ఒక జపాన్ నగురా, అంటే అక్కడివాళ్లు స్లర్రీ తీయడానికి వాడే చిన్న రాయి, వాడి చూశాను. కత్తులు రెండూ జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన పాతవే, 5/8 అంగుళం వెడల్పువి.

తీర్పు ముందే చెప్పేస్తాను. కోటిక్యూల్ మీదకి కోటిక్యూల్ ముక్కే కొనండి. అది మీ పెద్ద రాయి కంటే రవ్వంత మెత్తగా ఉండాలి. అందమైన రంగుకీ, పొర పేరుకీ ఎక్కువ డబ్బు పెట్టకండి. మిగతాదంతా ఎందుకో చెప్పడమే.

పెద్ద రాయిని తడిపి చిన్న ముక్కతో గుండ్రంగా రుద్దితే, సాన మీద గంధం తీసినట్టు, నీళ్లలో కలిసిన మెత్తటి పొడి పైకి తేలుతుంది. అదే స్లర్రీ. కోటిక్యూల్‌లో ఉక్కుని కోసేది గార్నెట్ అనే ఖనిజం, మాంగనీస్ ఎక్కువగా ఉండే స్పెస్సార్టిన్ రకం. ఆ గింజలు చాలావరకు 5 నుంచి 15 మైక్రాన్ల దాకా ఉంటాయి. ఈ లెక్క విన్నవాళ్లు అంత ముతక గింజతో గడ్డం గీసే పదును ఎలా వస్తుందని అడుగుతారు. సమాధానం గింజ ఆకారంలో ఉంది. గార్నెట్ స్ఫటికానికి పన్నెండు ముఖాలు, పక్కపక్క ముఖాల మధ్య కోణం 120 డిగ్రీలు. అంత వెడల్పైన మూల ఉక్కులోకి లోతుగా దిగదు, పైపైన గీసి వదిలేస్తుంది. గింజ పెద్దదే అయినా గీత లోతు తక్కువ.

ఈ గింజలు రాయిలో పాతుకుని ఉన్నప్పుడు వాటి నెత్తి మాత్రమే కత్తికి తగులుతుంది. అందుకే వట్టి నీళ్లతో నూరితే కోటిక్యూల్ చాలా నెమ్మది. స్లర్రీ తీస్తే గింజలు విడిపోయి బెవెల్ (కత్తి అంచుకి అటూ ఇటూ ఉండే ఏటవాలు భాగం) కింద దొర్లుతాయి, ఉక్కు గబగబా అరుగుతుంది. అదే సమయంలో కత్తి అంచు వెళ్లి ఆ విడి గింజలకి గుద్దుకుంటుంది. కాబట్టి చిక్కటి స్లర్రీ మీద ఎంతసేపు నూరినా పదును ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. అందుకనే కోటిక్యూల్‌వాళ్లు డైలుకాట్ పద్ధతి పాటిస్తారు. మొదట చిక్కటి స్లర్రీతో బెవెల్ కుదిర్చి, ముంజేతి వెంట్రుకలు తెగేదాకా వచ్చాక, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ స్లర్రీని పలచన చేసుకుంటూ పోయి, చివరికి కడిగేసి వట్టి నీళ్ల మీద ముగిస్తారు. సింథటిక్ రాళ్లయితే 1000, 5000, 8000, 12000 అని మార్చుకుంటూ పోతాం. ఇక్కడ రాయి ఒక్కటే, మారేది స్లర్రీ చిక్కదనమే. ఆ చిక్కదనం మీ చెయ్యి దాటి పోకుండా ఉంచేది స్లర్రీ రాయి.

ఇక పసుపు ముక్కల సంగతి. నా దగ్గరున్న రెండింటిలో ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది. చూడ్డానికి తేడా ఏమీ లేదు, రెండూ లేత మీగడ రంగే. గట్టిది గాజులా జారుతుంది, ఎంత రుద్దినా నీళ్లు కాస్త మసకబారతాయంతే. పైగా రెండు నున్నటి రాళ్లు తడిగా కలిస్తే ఒకదాన్నొకటి పీల్చుకుని అతుక్కుంటాయి. విడదీయడానికి పక్కకి ఈడ్చాలి, ఆ ఈడ్పులో పెద్ద రాయి అంచు చిట్లే ప్రమాదం ఉంది. మెత్తని ముక్క అలా కాదు. మొదట గరగరమంటుంది, కొంచెంసేపటికి ఆ చప్పుడు తగ్గి తడి బట్ట ఈడ్చిన చప్పుడులోకి మారుతుంది, ఈలోపే తెల్లటి స్లర్రీ పరుచుకుని ఉంటుంది. వేలితో తీసి బొటనవేలి మీద రుద్దితే ఎక్కడా పలుకు తగలదు. కత్తి పెట్టి పది పన్నెండు సార్లు ఇటూ అటూ నూరగానే తెలుపు బూడిద రంగుకి తిరుగుతుంది. అరిగిన ఉక్కు కలిసిందన్న మాట.

ఏది మెత్తన అన్నది కంటితో తేలదు కాబట్టి కొట్లో ఇలా చూసుకోవచ్చు. పెద్ద రాయి మీద, చిన్న ముక్క మీద పెన్సిల్‌తో గళ్లు గీయండి. నీళ్లు చల్లి, బరువు వెయ్యకుండా రుద్దండి. ముందు ఎవరి గీతలు చెరిగిపోతే వాళ్లు మెత్తన. ముక్క మీది గీతలు ముందు పోతే స్లర్రీలో ఎక్కువ భాగం ముక్కదే, మీ పెద్ద రాయి క్షేమం. పెద్ద రాయి గీతలు ముందు పోతే ఆ ముక్క పెద్ద రాయినే తింటోందని అర్థం. మరీ మెత్తనిదీ మంచిది కాదు. నీళ్లు చుక్క చుక్కగా కలుపుకుంటూ చిక్కదనం తగ్గించే పని కదా మనది, రెండు రుద్దులకే ముద్దగా తయారైతే మొదటి కొలతే మన చేతిలో ఉండదు. నా మెత్తని ముక్క మధ్యరకం, పెద్ద రాయి పొడవునా ఓ అర నిమిషం రుద్దితే సరిపడా వస్తుంది. నాకు ఇదే కావాలి.

కొన్న వెంటనే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ మెత్తని ముక్కని అమ్మినవాళ్లు రంపం కోత ఎలా పడిందో అలాగే ఇచ్చారు, అంచులు సూటిగా, మూలలు పదునుగా. ఇది వాళ్లు చేసి ఇవ్వాల్సిన పని, ఇందుకు నేను మార్కు తగ్గిస్తాను. గాజు పలక మీద 400 గ్రిట్ వాటర్ పేపర్ పరిచి, అడుగు సమంగా వచ్చేదాకా అరగదీసి, తర్వాత నాలుగు అంచులూ, నాలుగు మూలలూ గుండ్రం చేశాను. మూల మొనదేలి ఉంటే రుద్దేటప్పుడు చిన్న పలుకు ఊడి స్లర్రీలో కలుస్తుంది. ఆ ఒక్క పలుకు చాలు, బెవెల్ మీద లోతైన గీత పడుతుంది, దాన్ని తీయడానికి మళ్లీ మొదటి నుంచి నూరాలి. ముక్కలో పగులు ఉందేమో కూడా గోటితో గీరి చూడండి. గోరు తట్టుకుంటే వదిలెయ్యండి. గోటికి తగలకుండా రాయిలో కలిసిపోయిన నల్లని సన్న గీతలు కోటిక్యూల్‌లో మామూలే, వాటికి భయపడక్కర్లేదు.

సైజు గురించి చాలామంది పొదుపు చేస్తారు, అక్కడ చెయ్యకండి. మరీ చిన్న ముక్క అయితే వేళ్లు పెద్ద రాయికి రాసుకుంటాయి, రుద్దుడు మధ్యలోనే పడుతుంది. అలా వాడగా వాడగా పెద్ద రాయి మధ్యలో పల్లం పడుతుంది. పల్లం పడ్డ రాయి మీద మంగలికత్తి అంచు సమంగా ఆనదు. వెడల్పులో పెద్ద రాయికి సగానికి పైగా ఉండాలి, మందం ఒక సెంటీమీటరైనా ఉంటే వేళ్లకి పట్టు దొరుకుతుంది. రుద్దేటప్పుడు కొసల దాకా తీసుకెళ్లండి. నేను కొన్న ముక్కలు ఒక్కోటి ఇరవై యూరోల లోపే పడ్డాయి. పెద్ద రాయి ధర ముందు ఇది లెక్కలోది కాదు.

నీలం రాయి గురించి ఎక్కువమంది అడుగుతారు, ఎందుకంటే అది చవక. వీల్‌సాల్మ్, లియర్నో ఊళ్ల చుట్టూ ఉన్న గనుల్లో పసుపు పొర మందం కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది, దానికి పైనా కిందా నీలం రాయి ఉంటుంది. ఒకే భూమిలో, ఒకే కాలంలో, దాదాపు 48 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురదే రెండూ. హెమటైట్ వల్ల నీలానికి ఆ వంకాయ ఛాయ వచ్చింది. తేడా గార్నెట్‌లో ఉంది. పసుపులో రాయి మొత్తంలో మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా గార్నెట్ ఉంటే, నీలంలో నాలుగో వంతు కూడా మించదు. ఇది తెలిస్తే మిగతాది ఊహించవచ్చు. నీలం ముక్కతో పసుపు రాయి మీద తీసిన స్లర్రీ లేత ఊదా రంగులో వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, పని నిదానం. బెవెల్ కుదిర్చే దశలో నాకు విసుగొచ్చింది. కానీ బెవెల్ అప్పటికే ఉన్న కత్తిని, కొంచెం మొద్దుబారిందనిపించినప్పుడు సరిచేసుకోవడానికి నీలం స్లర్రీ పలచగా వాడితే ఫలితం చెడ్డగా ఏమీ లేదు. నగల కొట్టువాళ్లు వాడే పది రెట్ల భూతద్దంతో చూస్తే రెండింటి గీతలకీ నేనైతే తేడా పట్టలేను.

దీన్ని తిరగేసి వాడితే మాత్రం నిజంగా లాభం. పెద్ద రాయి నీలం కొనుక్కుని, ముక్క పసుపు కొనుక్కోండి. నీలం రాయి మీద పసుపు ముక్కతో స్లర్రీ తీస్తే కోసే గార్నెట్‌లో చాలా భాగం ముక్క నుంచే వస్తుంది, నీలం ఒక్కదానితో కంటే పని బాగా వేగంగా సాగుతుంది. మొదటిసారి సహజమైన రాయి కొనేవాళ్లకి, బడ్జెట్ తక్కువగా ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఈ జోడీయే. వంటింటి కత్తులకి కూడా పనికొస్తుంది.

డైమండ్ ప్లేటుకి అభిమానులు ఎక్కువ, కారణం లేకపోలేదు. ప్లేటు తనలోంచి ఏమీ ఇవ్వదు, వచ్చే స్లర్రీ అంతా మీ రాయిదే. మీ రాయి అసలు స్వభావం ఏమిటో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. ముక్క మెత్తనా గట్టిదా అనే టెన్షన్ ఉండదు, రాయి చదునూ అదే చూసుకుంటుంది. గట్టి కోటిక్యూల్ ఉన్నవాళ్లకి పసుపు ముక్కతో స్లర్రీ రాకపోతే ఇదే శరణ్యం. అయినా రోజువారీ వాడకానికి నేను దీన్ని పక్కన పెట్టాను. ప్లేటు రుద్దిన ప్రతిసారీ అరిగేది ఆ సన్నటి పసుపు పొరే. చాలా రాళ్లలో పసుపు పొర అంత పలచగా ఉంటుంది కాబట్టే కింద పలక రాయి అంటించి అమ్ముతారు. నా రాయిని పక్క నుంచి చూస్తే పసుపు ఎంత మిగిలిందో స్పష్టంగా కనిపిస్తుంది, దాన్ని వజ్రంతో గీకడానికి మనసొప్పదు. ఇంకో సంగతి, కొత్త ప్లేటు మీద కొన్ని వజ్రపు గింజలు మిగతావాటికంటే ఎత్తుగా ఉంటాయి, రాయి మీద గాట్లు పడతాయి. కొన్నాళ్లు వేరే పనికి వాడి, మొండితనం తగ్గాకే మంగలికత్తి రాయి మీదకి తీసుకురండి. 1200 కంటే ముతక ప్లేటు స్లర్రీ కోసం వద్దు. 325 ప్లేటు రాయి చదును చెయ్యడానికి బాగుంటుంది, స్లర్రీ మాత్రం ఉండలు ఉండలుగా వస్తుంది.

జపాన్ నగురాని కోటిక్యూల్ మీద వాడటం నాకు నచ్చలేదు, కారణం రాయి చెడ్డదని కాదు. మికావా నగురా, ఇప్పటి ఐచి ప్రాంతంలో దొరికేది, క్యోటో చుట్టుపక్కల గనుల గట్టి రాళ్ల మీద వాడటానికి అలవాటైన రాయి. ఆ పద్ధతిలో బోతాన్, తెంజో, మెజిరో, కోమా అని ఒకదాని తర్వాత ఒకటి ముతక నుంచి నాజూకుకి వెళ్తారు, చివర్న పెద్ద రాయి జాతిదే అయిన తోమోనగురా. నూరేకొద్దీ నగురా గింజలు నలిగి సన్నబడతాయి, పెద్ద రాయి వాటికి వేదికలా ఉంటుంది. గార్నెట్ అలా నలగదు, అందుకే కోటిక్యూల్‌లో నీళ్లు కలిపి పలచన చెయ్యాల్సి వస్తోంది. ఒక పద్ధతిలో గింజ మారుతుంది, ఇంకో పద్ధతిలో గింజల సంఖ్య మారుతుంది. రెండింటినీ ఒకే రాయి మీద కలిపితే ఎప్పుడు నీళ్లు కలపాలో, ఎప్పుడు ఇంకాసేపు నూరాలో చేతికి తెలియదు. మీ దగ్గర జపాన్ రాయి ఉంటే నగురా కొనండి, తప్పకుండా కొనండి. కోటిక్యూల్ కోసమైతే ఆ డబ్బు దాచుకోండి.

జర్మనీ తురింజియా పలకరాళ్ల సంగతి కొంచెం వేరు, వాటిలో జోన్నెబెర్గ్‌కి చెందిన ఎషర్ పేరు అందరికీ తెలిసిందే. పాత ఎషర్ రాళ్లకి తోడుగా అదే రాయి ముక్క వచ్చేది. అవి చివరి మెరుగు కోసం వాడే రాళ్లు, వాటి మీద కోటిక్యూల్ ముక్క రుద్దితే ముతక గార్నెట్ తెచ్చి పోసినట్టే, ఆ రాయి కొన్న ప్రయోజనం పోతుంది. అదే రాయి ముక్క దొరక్కపోతే వట్టి నీళ్లతో వాడుకోవడం మేలు. ఒరిజినల్ ఎషర్ ముక్క అని రాసి, ఏ లేబులూ లేని బూడిద రంగు పలక ముక్కని బోలెడు ధరకి అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లో ఉన్నారు. లేబులు లేని ముక్క ఏ గనిదో ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు, పేరుకి డబ్బులు ఇవ్వకండి.

మన ఊళ్లలో ఉన్న మిత్రులు ఫోన్లో అడిగేది ఇంకొకటి, ఇంట్లో గంధం తీసే సాన ఉంది, దాని మీద నూరుకోవచ్చా అని. వద్దు. అది చెక్కని అరగదియ్యడానికి గరుకుగా ఉంచిన రాయి, దానిలో పలుకులుంటాయి, మంగలికత్తి అంచు ఒక్క ఈడ్పుకే రంపంలా అయిపోతుంది. పొదిలో చిన్న రాయీ, తోలుపట్టీ పెట్టుకుని ఇంటింటికీ తిరిగిన మంగళ్లు కూడా కత్తికి వేరే నున్నటి రాయి వాడేవాళ్లు, సాన కాదు. ఇప్పుడు సెలూన్లన్నీ సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తికి మారాయి కాబట్టి ఆ రాళ్లు చూసే అవకాశం తగ్గింది. ఇండియాలో ఉన్నవాళ్లు పోస్టులో తెప్పించుకోవాలంటే పెద్ద రాయి, ముక్క ఒకే చోట, ఒకే మనిషి చేత ఎంపిక చేయించుకోండి. "నా రాయి కంటే కొంచెం మెత్తని ముక్క, రెండూ రుద్ది చూసి పంపండి" అని రాస్తే చాలు, తెలిసిన అమ్మకందారుడికి అర్థమవుతుంది.

ఇంతకీ మొహం మీద ఎలా ఉందంటే, మెత్తని పసుపు ముక్కతో మొదలుపెట్టి, నీళ్ల మీద ముగించి, తోలుపట్టీ మీద బాగా లాగిన కత్తి గడ్డం మీద గుంజదు. సింథటిక్ 12000 రాయి మీద తీసిన పదును ఇంతకంటే చురుకుగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ మెడ కింద, వెంట్రుక అడ్డంగా మొలిచే చోట, కోటిక్యూల్ పదును చర్మాన్ని కొరకదు. గీసుకున్నాక పటిక రాస్తే మంట ఉండదు. గట్టి ముక్కతో తీసిన పలచటి స్లర్రీతో మొదలుపెట్టినప్పుడు ఇంత బాగా రాలేదు, కారణం బెవెల్ పూర్తిగా కుదరకముందే స్లర్రీ అయిపోవడం. మళ్లీ మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. మొదట్లో కావాల్సినంత గార్నెట్ ఉండి, నెమ్మదిగా తగ్గించుకునే వీలు ఉండాలి. పలచన చేసేటప్పుడు అంచు ముందు నీళ్లు ఎలా ఉన్నాయో చూడండి. చిక్కగా ఉన్నప్పుడు స్లర్రీని కత్తి ముందుకి నెడుతుంది. పదును వచ్చేకొద్దీ నీళ్లు కత్తి మీదకి ఎక్కడం మొదలవుతుంది. అలా ఎక్కితే ఇంకో రెండు చుక్కలు కలిపే సమయం వచ్చినట్టు.

కొనేవాళ్లకి ఇంకో మార్గం కూడా ఉంది. దీర్ఘచతురస్రంగా కోసిన ముక్కలే కొనాలని లేదు. గనుల దగ్గర "బూ" అని పిలిచే ఆకారం లేని కోటిక్యూల్ రాళ్లు ఉంటాయి, కోసిన రాళ్లకంటే చవక. వాటిలో చిన్నది ఒకటి తీసుకుని అడుగు చదును చేస్తే స్లర్రీ రాయిగా ఎన్నేళ్లైనా వస్తుంది, చేతిలో పట్టు కూడా బాగుంటుంది. అటు వెళ్తే సాల్మ్‌షాటోలో కోటిక్యూల్ మ్యూజియం ఉంది, గనిలోంచి తీసిన రాయి సానరాయిగా ఎలా మారేదో అక్కడ చూడొచ్చు. వాడాక ముక్కని పెద్ద రాయి మీద అలాగే వదిలెయ్యకండి, ఆరితే అతుక్కుంటుంది. రెండింటినీ విడివిడిగా కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. అంటించిన పలక ఉన్న రాయిని నీళ్లలో నానబెట్టకండి.

నా మార్కులు: మెత్తని పసుపు ముక్కకి ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు గుండ్రం చెయ్యని మూలలకి పోయింది. గట్టి పసుపు ముక్కకి రెండు. నీలానికి మూడు, నీలం రాయి మీద పసుపు ముక్క జోడీకి నాలుగు. డైమండ్ ప్లేటుకి మూడున్నర, గట్టి రాయి ఉన్నవాళ్లు దానికి ఇంకో మార్కు కలుపుకోవచ్చు.